మూడో నంబర్ కెమెరా

జూలై 1, మంగళవారం

నెల మొదటి రోజు. మా సూపర్ మార్కెట్ల ఓనర్ మధుకర్ సార్ సిరిసిల్ల ఆఫీసు నుంచి మూడు బ్రాంచీల ఇన్‌చార్జులతో ఫోన్లో మీటింగ్ పెట్టాడు. సిరిసిల్లలో కంప్లైంట్లు ఐదు. జగిత్యాలలో రెండు. మా కోరుట్లలో నలభై ఒకటి.

మిగతా రెండు చోట్లా కంప్లైంట్ల రిజిస్టరే బయట పెట్టరని నాకు తెలుసు. ఆ మాట అనలేకపోయాను.

ఆ నలభై ఒకటీ అబద్ధాలేం కావు. ర్యాక్ మీద ఒక రేటు, బిల్లులో ఇంకో రేటు. ఇడ్లీ పిండి ప్యాకెట్ ఇంటికి పోయేసరికే పులిసి ఉబ్బుతుంది. రవ్వలో పురుగులు. చిల్లర అడిగితే చాక్లెట్లు. గేటు మీద ఆఫర్ బోర్డు ఉంటుంది, లోపల ఆ సరుకు ఉండదు.

చివర్లో సార్ నన్నొక్కడినే లైన్లో ఉండమన్నాడు. "భూమేశ్, మెట్‌పల్లిల కొత్త బ్రాంచి తీస్తున్న. ఎవలకు అప్పజెప్పాల్నో సూస్తున్న. నాకు కంప్లైంట్లు కనవడద్దు."

రావద్దు అనలేదు. కనబడొద్దన్నాడు.

రిజిస్టర్ తీసి సొరుగులో పెట్టి తాళం వేశాను. కస్టమర్ కౌంటర్‌లో కూర్చునే శ్వేతకు చెప్పాను, ఎవరైనా మరీ గట్టిగా అడిగితే సప్పుడు లేకుండా కొత్తది ఇచ్చి పంపు, మార్చిన చీటీ రాయకు అని.

"చీటీ లేకుంటె గేటు కాడ రాజమల్లు ఆపడా అన్నా?"

"ఆయనకు నేను చెప్త."

దుబాయ్ క్యాంపులో తొమ్మిదేళ్లు ఉన్నప్పుడు అలవాటైన డైరీ ఇది. వచ్చాక రెండేళ్లు ఖాళీగా ఉన్నాను, అప్పుడు ఒక్క పేజీ రాయలేదు. ఇప్పుడు మధ్యాహ్నం రద్దీ తగ్గాక స్టోర్‌రూంలో బియ్యం బస్తాల మధ్య కూర్చుని రాస్తున్నాను. మెట్‌పల్లి బ్రాంచికి ఏసీ గది ఉంటుందట.

జూలై 5, శనివారం

ఒక బీడీలు చేసే ఆమె, పేరు బాలవ్వ, పాలపొడి డబ్బా పట్టుకొని వచ్చింది. మనవరాలికి కొన్నదట. మూత తీసి అందరికీ చూపించింది. పొడి అంతా గడ్డలు కట్టింది. డేటు కూడా దాటిపోయింది.

"పసిపిల్ల తాగేది సారు. కండ్లు పెట్టి సూడరా మీరు?"

బిల్లింగ్ దగ్గర ఎనిమిది మంది ఉన్నారు, అందరూ ఇటే చూశారు. కొత్త స్టాకు మంగళవారం వస్తుంది, రమ్మన్నాను. డబ్బా ఇక్కడే పెట్టి పోయింది. పోయేటప్పుడు కూడా గేటు దాకా అంటూనే పోయింది.

జూలై 6

ఆదివారం. రాయడానికి తీరిక లేదు.

జూలై 8, మంగళవారం

ఈరోజు దొంగ దొరికింది.

ఒంటిగంటన్నరకు వాచ్‌మన్ రాజమల్లు గేటు దగ్గర ఒకామె సంచీ, బిల్లు సరిపోల్చాడు. బిల్లులో ఉప్పు, గోధుమపిండి, సబ్బులు. సంచీలో వాటితో పాటు పాలపొడి డబ్బా. నన్ను పిలిచాడు. పోయి చూస్తే బాలవ్వ.

"గా పిల్ల ఇచ్చింది సారు. పాతదానికి బదులు."

"ఏ పిల్ల?"

"గీడ కూసుంటది గదా."

కస్టమర్ కౌంటర్ ఖాళీ. శ్వేత కొడుక్కు జ్వరమని ఒంటిగంటకే పోయింది, ఫోన్ చేస్తే ఎత్తలేదు. పిల్ల పేరేమిటి అంటే ఆమెకు తెలియదు. చీటీ ఏది అంటే లేదంది. సంచీ టేబుల్ మీద గుమ్మరించమన్నాను. సరుకుల కింద నుంచి ఒక చిన్న గౌను, మందుల చీటీ కూడా పడ్డాయి. జనం మూగారు. శనివారం ఎంత నోరు చేసిందో, ఈరోజు అంత చిన్నగా అయిపోయింది. డబ్బా అక్కడే వదిలేసి, మిగతావి సంచీలో వేసుకోవడానికి చాలాసేపు పట్టింది ఆమెకు.

స్టాకు తక్కువ వస్తోందని సార్ రోజూ అంటున్నాడు కదా. గేటు కెమెరా క్లిప్ తీసి మూడు బ్రాంచీల స్టాఫ్ గ్రూపులో పెట్టాను. "ఈమెను గుర్తుపెట్టుకోండి" అని రాశాను. సార్ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

డబ్బా మళ్ళీ ర్యాక్ మీద పెట్టించాను.

జూలై 9, బుధవారం

శ్వేత పొద్దున్నే స్టోర్‌రూంకి వచ్చింది. చేతిలో ఫోన్, గ్రూపులో క్లిప్ తెరిచి ఉంది.

"అన్నా, గా డబ్బా నేనే ఇచ్చిన. నువ్వే గదా చీటీ రాయకు అన్నవ్."

రాజమల్లుకు చెప్తానన్నాను. చెప్పలేదు. మరిచిపోయాను, అంతే. ఎన్ని పనులుంటాయి.

మూడో నంబర్ కెమెరా చూశాను. అది సరిగ్గా కస్టమర్ కౌంటర్ మీదే ఉంటుంది. ఒంటిగంట కావడానికి ఆరు నిమిషాల ముందు బాలవ్వ వచ్చింది. శ్వేత కొత్త డబ్బా తీసింది, డేటు వేలితో చూపించింది, తనే సంచీలో పెట్టింది. బాలవ్వ శ్వేత గడ్డం పట్టుకొని ఏదో అంది. శ్వేత నవ్వింది.

ఇద్దరం కలిసే చూశాం.

"పోయి చెప్దామన్నా. ఆమెది ఇక్కడ్నే, వెనుక గల్లీల అడిగితే దొరుకుతది."

నేను చూసుకుంటాను, నువ్వు ఎవరితో అనకు అన్నాను. తప్పు ఎవరిదని అడిగితే చీటీ రాయని దానివి నువ్వే అవుతావని కూడా అన్నాను. భయపెట్టడానికి కాదు. ఉన్న మాట.

రికార్డింగ్ పదిహేను రోజులు ఉంటుంది. తర్వాత పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది. అంటే ఇరవై మూడు దాకా ఉంటుంది. తొందరేం లేదు. నిదానంగా, సార్‌కు సమయం చూసి చెప్పాలి.

జూలై 10, గురువారం

షట్టర్ తీసేసరికి బాలవ్వ ఎదుటి టైర్ల దుకాణం అరుగు మీద కూర్చుని ఉంది. లోపలికి రాలేదు. రోడ్డు దాటి మెట్ల దగ్గర నిలబడి, "గా పిల్ల అచ్చిందా సారు?" అంది.

ఇంకా రాలేదన్నాను. నిజమే. ఈరోజు నుంచి శ్వేతను జగిత్యాల బ్రాంచికి పంపించాను. అక్కడ మనుషులు తక్కువ ఉన్నారు.

జూలై 11

వచ్చింది. అదే మాట.

జూలై 12

వచ్చింది. వానలో.

జూలై 13, ఆదివారం

క్లిప్ ఊరంతా తిరుగుతోంది. నా భార్య కల్యాణి పొద్దున నాకే చూపించింది. వాళ్ళ చెల్లెలు మెట్‌పల్లి నుంచి పంపిందట. "మీ దుకాన్‌ల దొంగ" అని ఎవరో పైన రాశారు, నవ్వే బొమ్మలు పెట్టారు. అందులో మాటలు వినబడవు. ఒకామె చేతులు ఊపుతూ ఉంటుంది, సంచీలోంచి డబ్బా వస్తుంది. చూసినవాళ్ళెవరైనా దొంగే అనుకుంటారు.

"జూడు, చిన్న గౌను సుత పడ్డది. అది సుత దొంగతనమేనా?" అంది కల్యాణి.

"కాదు, అది ఆమెదే."

"నీకెట్ల ఎర్క?"

స్టాఫ్‌లో ఎవరు బయటికి పంపారో కనుక్కోవాలి.

జూలై 14

నేనే. వర్తకుల గ్రూపులో కూడా ఎనిమిదో తారీఖే నేనే పెట్టాను. ఇక్కడన్నా రాసుకోవాలి కదా.

జూలై 15, మంగళవారం

షార్జా నంబర్. పాత క్యాంపు వాళ్ళెవరో అనుకొని ఎత్తాను.

"అన్నా, నా పేరు సతీశ్. బాలవ్వ కొడుకును." గొంతులో కోపం లేదు. అదే ఇబ్బంది పెట్టింది. "మా రూంల అందరి ఫోన్లల్ల ఉన్నదన్నా గా వీడియో. మా అమ్మ అసొంటిది గాదు. బీడీ కార్ఖానల ఆకు ఇస్తలేరట. చేసినయి తీస్కపోతె సంచి కింద గుమ్మరిచ్చి సూస్తున్నరట. కిరాణంల నిలవడనిస్తలేరట. నువ్వు ఒక్కసారి కెమెరా సూసి చెప్పు. దొంగతనం చేసిందంటె నేనే అచ్చి కాళ్ళు మొక్కుత."

"చూస్త తమ్మీ. జర టైం వడ్తది."

"గల్ఫ్‌ల చేసినవట గదా నువ్వు సుత. నీకు తెలుస్తది, ఈడ ఉండి ఇనుడు ఎట్లుంటదో."

తెలుసు. తెలుసు కాబట్టే రేపు పెన్‌డ్రైవ్ కొనుక్కొస్తాను. ముందు కాపీ తీసి పెట్టుకుంటే, చెప్పేది ఎప్పుడైనా చెప్పొచ్చు.

జూలై 16

పెన్‌డ్రైవ్ కొన్నాను. సార్ జగిత్యాల నుంచి వస్తూ ఇక్కడ ఆగాడు. "కంప్లైంట్లు సున్నా. గిట్లుండాలె" అని భుజం తట్టాడు. చెప్పేవాడినే. పక్కన ఆయన బామ్మర్ది ఉన్నాడు.

జూలై 17, గురువారం

ఈరోజు బాలవ్వ మెట్లెక్కి లోపలికే వచ్చింది. బిల్లింగ్ లైన్లో ఉన్నవాళ్ళు సంచీలు దగ్గరికి లాక్కున్నారు. ఆమె అది చూసింది.

"సారు, గా పిల్లను ఒక్కసారి పిలువుండ్రి. నా ముంగట కాదంటె మల్ల రాను. సన్నగ ఉంటది. ఎడమ చెయ్యికి పచ్చబొట్టు ఉంటది."

"గసొంటి పిల్ల మా దగ్గర ఎవ్వలు లేరు అవ్వా" అన్నాను.

ఎట్లా వచ్చిందో ఆ మాట. రాజమల్లు తల తిప్పుకున్నాడు. బిల్లింగ్ అమ్మాయి మిషన్ వైపు చూస్తూ ఉండిపోయింది. ఇద్దరికీ శ్వేత తెలుసు. ఇద్దరూ నెలనెలా నా సంతకంతో జీతం తీసుకుంటారు.

బాలవ్వ ఖాళీ కౌంటర్ వైపు చాలాసేపు చూసింది. "లేదా?" అంది. "గీడ్నే ఉండె గదా." తర్వాత తన చేతిని తనే చూసుకుంది, ఆ డబ్బా ఇంకా చేతిలో ఉందేమో అన్నట్టు.

నిజానికి ఈరోజు శ్వేత మా దగ్గర లేదు. జగిత్యాలలో ఉంది. అబద్ధం కాదు.

జూలై 19

రాలేదు.

జూలై 20, ఆదివారం

ఈరోజూ రాలేదు. టైర్ల దుకాణం అరుగు ఖాళీగా ఉంది. నాకు హాయిగా ఉండాలి. పొద్దటి నుంచి పదిసార్లు గేటు దాకా పోయి చూశాను. రాజమల్లు అడిగాడు, "ఎవ్వలకోసం సార్?" అని. లారీ కోసం అన్నాను.

జూలై 21, సోమవారం

శ్వేత ఫోన్. ఏడుస్తోంది.

బాలవ్వ శనివారం బస్సెక్కి సిరిసిల్ల పోయిందట. అక్కడి బ్రాంచిలో గేటు దగ్గర నిలబడి వచ్చేపోయే ప్రతి అమ్మాయి ఎడమ చెయ్యి చూసిందట. క్లిప్ చూసి ఉన్నారు కాబట్టి వాళ్ళు గుర్తుపట్టి వెళ్ళగొట్టారు. అటునుంచి నిన్న జగిత్యాల వచ్చింది. శ్వేత కౌంటర్ ముందు నిలబడింది.

"నన్ను సూడంగనే నవ్విందన్నా. 'ఉన్నవా బిడ్డా, నేనే పిస్సదాన్నయిన్ననేమో అనుకున్న' అన్నది. పక్కకు ఇన్‌చార్జి సార్ ఉండె. నేను..."

"ఏమన్నవ్?"

"ఎవ్వలతోని అనకు అన్నవ్ గదా నువ్వు. నాకు గుర్తులేదు అవ్వా, నువ్వెవలో అన్న."



బాలవ్వ వెనక్కి తిరిగి పోయిందట. బస్టాండులో కళ్ళు తిరిగి పడితే ఎవరో కూతురికి ఫోన్ చేశారట. ఇప్పుడు ఇంట్లోనే ఉంది. మాట్లాడటం లేదట.

"నీ పేరు బయటికి రాకుండ చూస్త" అన్నాను.

"నా పేరు గాదన్నా నాకు గావాల్సింది" అని పెట్టేసింది.

జూలై 22, మంగళవారం

పెన్‌డ్రైవ్ జేబులో ఉంది. కెమెరాల రికార్డింగ్ దాచే డీవీఆర్ ముందు కూర్చున్నాను. అప్పుడే సార్ ఫోన్, బయట కారులో ఉన్నానని. మెట్‌పల్లి జాగా చూపిస్తానన్నాడు. పోయాం. నిజామాబాద్ రోడ్డు మీదే, పెద్ద షట్టర్లు మూడు. "నీ కుర్చీ ఈడ" అని చేత్తో చూపించాడు. కెమెరాలు ముప్పై రోజులు దాచే మిషన్ పెట్టిస్తాడట.

తిరిగొచ్చేసరికి దుకాణం మూసేశారు. ఏం కాదు. ఎనిమిదో తారీఖు మధ్యాహ్నం జరిగింది కాబట్టి రేపు మధ్యాహ్నం దాకా ఉంటుంది. పొద్దున్నే తీస్తాను.

జూలై 23

తొమ్మిదో తారీఖు నుంచే ఉంది.

జూలై 24

వాన. ఏమీ లేదు రాయడానికి.

జూలై 27, ఆదివారం

రాస్తాను. అంతా రాస్తాను.

పదకొండు గంటలకు, దుకాణం నిండా జనం. మూడు లైన్లు. ఒకాయన నూనె రేటు బోర్డు మీద వేరే ఉందని అరుస్తున్నాడు, ఒకామె చిల్లర కోసం నిలబడింది. అప్పుడు సతీశ్ లోపలికి వచ్చాడు. ఫోన్లో గొంతును బట్టి పెద్ద మనిషి అనుకున్నాను, ముప్పై కూడా ఉండవు. పది రోజుల సెలవు మీద వచ్చాడట. తల్లి భుజం పట్టుకొని నడిపిస్తున్నాడు. ఆమె ఇరవై రోజుల్లో సగం మనిషి అయింది.

"అన్నా, సూసినవా కెమెరా?"

"పదిహేను రోజులే ఉంటది తమ్మీ. పోయింది."

అతను అరవలేదు. "నేను ఫోన్ చేసిన దినం ఉన్నది గదా?"

నేను జవాబు చెప్పేలోపే బాలవ్వ కొడుకు చెయ్యి గుంజింది. "పోదాం పా. సారును ఏమంటవ్? ఆ పిల్ల సుత ఎర్కలేదనె. నాకే మతి తప్పిందిరా. ఎవ్వలు ఇయ్యకుంటె నేనే ఏస్కున్ననేమో. ఒక్కోపారి గట్లనే అనిపిస్తుంది, ర్యాకుల నుంచి తీస్కొని సంచిల ఏస్కున్నట్టు."

తను చేయని పనిని, చేసినట్టుగా గుర్తు తెచ్చుకుంటోంది.

బిల్లింగ్ టేబుల్ పట్టుకొని గట్టిగానే అన్నాను. "లేదవ్వా. నువ్వు తీయలే. మా శ్వేత ఇచ్చింది. తన చేతులతోనే సంచిల పెట్టింది. నేను కెమెరాల సూసిన. తెల్లారే సూసిన. చీటీ రాయద్దన్నది నేనే. ఊర్లె వీడియో పెట్టింది నేనే."

నేను అనుకున్నాను, అయిపోయింది, ఇక దిగిపోయింది నా మీద నుంచి ఆ బరువు అని.

లైన్లో ఎవరో అన్నారు, "కొడుకు దుబాయ్ నుంచి అచ్చిండు గదా, మేనేజర్‌ను మంచిగ బెదిరిచ్చినట్టున్నడు." కొందరు నవ్వారు. ఇద్దరు ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు. నూనె ఆయన, "గయన్ని తర్వాత సూస్కోండ్రి, ముందు నా బిల్లు కొట్టుండ్రి" అన్నాడు.

బాలవ్వ నన్నే చూస్తోంది. "ఇచ్చిందా?" అంది. "నిజంగనే ఇచ్చిందా?"

"ఇచ్చింది."

"మరి గా పొద్దు లేదంటివి?"

జూలై 28, సోమవారం

రెండో క్లిప్ కూడా తిరుగుతోంది. ఇందులో మాటలు వినబడతాయి. పైన "గల్ఫ్ కొడుకు బెదిరింపు, భయపడ్డ మేనేజర్" అని పెట్టారు. వినేవాళ్ళు నా వణికే గొంతు వింటున్నారు, చెప్పింది వినడం లేదు.

సార్ వచ్చాడు. "కొట్టిండా?"

"ఎవ్వలు కొట్టలే సార్. నిజమే చెప్పిన."

"రుజువున్నదా?"

"లేదు."

"శ్వేతను అడిగిన. గుర్తులేదన్నది." కుర్చీలో వెనక్కి వాలాడు. "భూమేశ్, కంపెనీ ఇజ్జత్ పోతది. గా పిలగాడు దుకాన్‌ల జొరవడి బెదిరిచ్చిండని పోలీసులకు కంప్లైంట్ రాసిన. కింద నీ సంతకం గావాలె."

కాగితం టేబుల్ మీద పెట్టాడు. నా పేరు ముందే టైపు చేసి ఉంది. పెట్టనన్నాను. తాళాలు అక్కడే పెట్టి వచ్చేశాను. కల్యాణి ఏమీ అడగలేదు. ఆమె ఫోన్లో కూడా వచ్చే ఉంటుంది.

జూలై 29

రాజమల్లు సాక్షి సంతకం పెట్టాడట. సతీశ్‌ను స్టేషన్‌కు పిలిపించారు. రెండో తారీఖు అతని ఫ్లైట్.

జూలై 30, బుధవారం

పొద్దున్నే స్టేషన్‌కు పోయాను. సతీశ్ బెంచీ మీద ఉన్నాడు. నిన్నటి నుంచి అక్కడే. నన్ను చూసి తల దించుకున్నాడు.

ఎస్సై అంతా విన్నాడు. "కెమెరాల ఉండెనా?"

"ఉండె సార్."

"మరి ఎందుకు తీసిపెట్టలే?"

మరిచిపోయానని చెప్పొచ్చు. తీరిక దొరకలేదని చెప్పొచ్చు. ఈ డైరీ నిండా అవే ఉన్నాయి. "పోయేదాకా ఆగిన సార్" అన్నాను.

ఆయన పెన్ను నా వైపు జరిపాడు. "గదే రాయి."

రాశాను. ఎవరూ బెదిరించలేదని, కొట్టలేదని, ఆ డబ్బా ఎట్లా ఇచ్చారో, రికార్డింగ్ చెరిగేదాకా నేను ఎట్లా ఆగానో, అన్నీ రాసి సంతకం పెట్టాను. మధ్యాహ్నానికి సతీశ్‌ను పొమ్మన్నారు. కేసు ఉండదన్నారు. సెల్ఫోన్లలో తిరిగేదాన్ని ఆపడం మాత్రం తమ చేతుల్లో లేదన్నారు.

బాలవ్వ గేటు బయట నిలబడి ఉంది. కొడుకు మొహం, చేతులు తడిమి చూసుకుంది. నేను దగ్గరికి పోయాను. రేపటి నుంచి బీడీ కార్ఖానాకు, కిరాణాలకు, ఇంటింటికీ తిరిగి చెప్తానన్నాను. ఎవరు నమ్మకపోయినా చెప్తానన్నాను.

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు సారు. నువ్వు చెప్పకున్నన్ని దినాలు నేనొక్కదాన్నే దొంగను. చెప్పినంక నా కొడుకు సుత గూండా అయిండు. ఇగ మా గురించి ఎవ్వలకేం చెప్పకు. మా మానాన మమ్ముల ఉండనియ్యి."

ఆటో ఎక్కారు. ఆటో డ్రైవర్ ఆమె వైపు ఒకసారి చూసి, ముందు సీటు మీద ఉన్న తన ఫోన్ తీసి జేబులో వేసుకున్నాడు.